నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్‌లోనే మొదలవుతుంది

ఐదో సెమిస్టర్ ఫలితాలు వచ్చిన వారానికి ఒక కుర్రాడు స్టాఫ్ రూమ్‌కి వచ్చాడు. చేతిలో ఐదు మార్కుల మెమోలు ఉన్నాయి. "మేడమ్, నాలుగో ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ చేద్దామనుకుంటున్నాను. 7.5 ఉండాలంట కదా. నాకు ఇప్పుడు 7.2 ఉంది. ఇంకో సెమిస్టర్ ఉంది కదండీ, గట్టిగా చదివితే వచ్చేస్తుంది కదా?" అన్నాడు.

కాగితం తీసి లెక్క వేశాను. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు అనుకుంటే ఐదు సెమిస్టర్లకు 100. వంద క్రెడిట్లు, సగటు 7.2 అంటే చేతిలో ఉన్నవి 720 పాయింట్లు. ఆరు సెమిస్టర్ల 120 క్రెడిట్లకు 7.5 రావాలంటే 900 కావాలి. తక్కువ పడ్డవి 180. సంపాదించడానికి మిగిలినవి 20 క్రెడిట్లు. ఆరో సెమిస్టర్‌లో సగటున 9 రావాలి. అంటే దాదాపు ప్రతి పేపర్‌లోనూ ఏ ప్లస్ తెచ్చుకోవాలి. ఐదు సెమిస్టర్లలో ఒక్కసారి కూడా 8 దాటని పిల్లవాడు అతను.

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. చదవని పిల్లవాడేం కాదు. క్లాసు ఎగ్గొట్టడు, రికార్డు ఆలస్యం చేయడు. ఈ లెక్క మొదటి సెమిస్టర్‌లో అతనికి ఎవరూ వేసి చూపించలేదు, అంతే. చూపించాల్సిన వాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటి నుంచి ఏటా మొదటి సంవత్సరం పిల్లలకు మొదటి వారంలోనే బోర్డు మీద ఆ లెక్క వేస్తున్నాను. ఇక్కడ మీకూ అదే వేసి చూపిస్తాను.

ఆనర్స్ అనే మాట మన ప్రాంతానికి కొత్తది కాదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వెనకటి తరం వాళ్లు బి.ఎ. ఆనర్స్, బి.ఎస్సీ. ఆనర్స్ చదివారు. "ఫలానా ఆయన ఆనర్స్" అని పెద్దవాళ్లు ప్రత్యేకంగా చెప్పుకునేవాళ్లు. ఒక సబ్జెక్టు పట్టుకుని లోతుకు దిగినవాడని దాని అర్థం. తర్వాతి కాలంలో మనకు ఎంపీసీ, బీజెడ్‌సీ, హెచ్ఈపీ అంటూ మూడు సబ్జెక్టుల డిగ్రీ అలవాటైంది. మూడింటినీ సమానంగా చదివి, ఏ ఒక్కదానిలోనూ నిలబడి మాట్లాడలేని ఇబ్బంది చాలామందిమి పడ్డాం. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత, యూజీసీ 2022 డిసెంబరులో నాలుగేళ్ల డిగ్రీకి కొత్త క్రెడిట్ల చట్రం ప్రకటించాక ఆనర్స్ మళ్లీ మన ముందుకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి ఒకే మేజర్ పద్ధతి మొదలైంది.

ఆ చట్రంలో మీకు అవసరమైన అంకెలు చెబుతాను. మూడేళ్లు చదివి 120 క్రెడిట్లు తెచ్చుకుంటే మామూలు డిగ్రీ ఇస్తారు. నాలుగేళ్లకు 160 తెచ్చుకుంటే ఆనర్స్. ఆ 160లో సగం, అంటే 80 క్రెడిట్లు మీ మేజర్ సబ్జెక్టులోనే ఉండాలి. 32 మైనర్‌వి. మిగతావి భాషలు, నైపుణ్య కోర్సులు, విలువల కోర్సులు, ఇంటర్న్‌షిప్‌ల మధ్య సర్దుకుంటాయి. ఇవి యూజీసీ చెప్పిన కనీసాలు. ఏ యూనివర్సిటీ అయినా ఇంకొంచెం పెంచుకోవచ్చు. ఢిల్లీ యూనివర్సిటీలో సెమిస్టర్‌కు 22 చొప్పున నాలుగేళ్లకు 176 క్రెడిట్లు. అందుకే స్నేహితుడి కాలేజీ రూలు విని మీ కాలేజీకి అదే అనుకోవద్దు. మీ బ్యాచ్‌కు వర్తించే రెగ్యులేషన్స్ పీడీఎఫ్ యూనివర్సిటీ నుంచి తెచ్చుకుని, ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదవండి. రెండు గంటల పని. మూడేళ్లు కాపాడుతుంది.

నాలుగో ఏడాదిలో రెండు దారులున్నాయి. మొదటిది మామూలు ఆనర్స్. ఇందులో పై స్థాయి పేపర్లు చదువుతారు. రెండోది రీసెర్చ్‌తో ఆనర్స్. ఇందులో మూడు పై స్థాయి పేపర్లకు బదులు 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేసి, థీసిస్ రాసి ఇవ్వాలి. ఈ రెండో దారికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలన్నది నియమం. పది పాయింట్ల కొలతలో దాన్ని 7.5 సీజీపీఏగా తీసుకోవడం మామూలు. శాతానికి, సీజీపీఏకి మధ్య మార్పిడి సూత్రం మీ యూనివర్సిటీ ఏది పెట్టిందో ఆ పీడీఎఫ్‌లోనే ఉంటుంది.

నియమంలో "ఆరు సెమిస్టర్లు" అన్న మాటను పట్టుకోండి. ఐదో సెమిస్టర్ నుంచి అనలేదు, చివరి రెండేళ్లు అనలేదు. డిగ్రీలో చేరి ఇంకా బస్సు పాసు చేతికి రాని రోజుల్లో రాసే మొదటి ఇంటర్నల్ పరీక్ష కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

లెక్క

సీజీపీఏ సగటు, అందులోనూ క్రెడిట్లను బట్టి తూచే సగటు. ఓ గ్రేడ్‌కు 10, ఏ ప్లస్‌కు 9, ఏకి 8, బీ ప్లస్‌కు 7, బీకి 6, సీకి 5, పీకి 4 పాయింట్లు. ఒక్కో పేపర్‌లో వచ్చిన పాయింట్లను ఆ పేపర్ క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి.

ఇందులో చాలామంది జారే చోటు ఒకటుంది. 4 క్రెడిట్ల మేజర్ పేపర్‌లో 6 పాయింట్లు, 2 క్రెడిట్ల చిన్న కోర్సులో 10 పాయింట్లు వచ్చాయనుకోండి. రెండింటి సగటు 8 అని మనసుకు తోస్తుంది. లెక్క వేస్తే 24, 20 కలిపి 44. దాన్ని ఆరుతో భాగిస్తే 7.33. చిన్న కోర్సుల్లో వచ్చే ఓ గ్రేడ్లు చూసుకుని సంతోషపడి మేజర్‌ను వదిలేసిన పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. పరీక్షల టైంటేబుల్‌లో అన్ని పేపర్లూ ఒకేలా కనిపిస్తాయి. మీ చదువు టైంటేబుల్‌లో మాత్రం అలా కనిపించకూడదు. 4 క్రెడిట్ల పేపర్‌కు 2 క్రెడిట్ల పేపర్ కంటే రెట్టింపు సమయం పోవాలి.

ఇప్పుడు సెమిస్టర్‌కు 20 క్రెడిట్లే అనుకుని ముందుకు పోదాం. మొదటి ఏడాది రెండు సెమిస్టర్లలో సగటు 6.5 వచ్చిందనుకోండి. మిగతా నాలుగింట్లో సరిగ్గా 8 తెస్తే 7.5కి చేరతారు. కష్టమే, అయినా సాధ్యం. మూడు సెమిస్టర్లు 6.5 దగ్గరే ఉండిపోతే మిగతా మూడింట్లో 8.5 తేవాలి. నాలుగు సెమిస్టర్లు 6.8 దగ్గర నడిస్తే చివరి రెండింట్లో 8.9 కావాలి. సెమిస్టర్ గడిచేకొద్దీ కొండ నిటారవుతుంది. అదే మొదటి సెమిస్టర్ ఒక్కదాంట్లోనే 6 వచ్చి, వెంటనే తెలివి తెచ్చుకుంటే మిగతా ఐదింట్లో సగటు 7.8 చాలు. ముందుగా చూసుకున్నవాడికి అదే దూరం నడవదగ్గదిగా ఉంటుంది.

ప్రతి సెమిస్టర్ మెమో రాగానే ఒక పని చేయండి. నోట్‌బుక్ చివరి పేజీలో మూడు అంకెలు రాయండి: ఇప్పటిదాకా వచ్చిన మొత్తం పాయింట్లు, 900కి తగ్గినవి, మిగిలిన క్రెడిట్లు. రెండోదాన్ని మూడోదానితో భాగిస్తే వచ్చేదే మీ నుంచి అడుగుతున్న సగటు. మీ యూనివర్సిటీ క్రెడిట్లు వేరైతే 900 బదులు మీ ఆరు సెమిస్టర్ల క్రెడిట్లను 7.5తో గుణించి ఆ అంకె పెట్టుకోండి. ఈ పేజీ మీ గదిలో దేవుడి పటం పక్కన అంటించినా తప్పులేదు.

మొదటి ఏడాది మార్కులు ఎందుకు పడిపోతాయో నాకు ముప్పై ఏళ్ల అనుభవం మీద తెలుసు. ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాల ముందు కూర్చుంటారు. సబ్జెక్టు అర్థం కాక కాదు, వాక్యం అర్థం కాక వెనకబడతారు. పాఠం చెబుతుంటే కళ్లలో వెలుగు కనిపించిన అమ్మాయి జవాబు పత్రంలో నాలుగు లైన్లు రాసి ఆగిపోతుంది. ఆ పత్రాలు దిద్దుతుంటే నాకు కలిగే బాధ మాటల్లో చెప్పలేను. ఈ పిల్లలకు నేను చెప్పేదొకటే: తెలుగును వదిలేయకండి. తెలుగు అకాడమీ పుస్తకం ఒక పక్కన, ఇంగ్లీషు పుస్తకం ఇంకో పక్కన పెట్టుకోండి. ముందు తెలుగులో చదివి విషయం పట్టుకోండి. పుస్తకం మూసి ఎదురుగా కూర్చున్న చెల్లికో తమ్ముడికో తెలుగులో చెప్పండి. చెప్పగలిగితే మీకు వచ్చినట్టే. అప్పుడు ఇంగ్లీషు పుస్తకంలో అదే విషయం చదివి, చిన్న చిన్న వాక్యాల్లో మీ మాటల్లో రాయండి. ఒక్కో వాక్యంలో ఒక్క సంగతే పెట్టండి. పేరాలు కంఠతా పట్టి రాసిన జవాబు కంటే, తప్పులున్నా సొంతంగా రాసిన ఆరు వాక్యాలు మేలని దిద్దే చేతికి తెలుస్తుంది. ఇలా రెండు సెమిస్టర్లు చేసిన పిల్లలు మూడో సెమిస్టర్ నుంచి ఇంగ్లీషు పుస్తకాన్నే ముందు తెరవడం నేను చాలాసార్లు చూశాను.

ఇంటర్నల్స్ విషయం క్లుప్తంగా చెబుతాను. అసైన్‌మెంట్, సెమినార్, మిడ్ పరీక్ష, హాజరు, అన్నీ కలిపి వచ్చే ఆ మార్కులు మీ చేతిలో ఉన్నవి. వాటిని పోగొట్టుకుని సెమిస్టర్ చివరి పరీక్షలో సంపాదిస్తాననడం జేబులో డబ్బు పారేసుకుని అప్పుకు వెళ్లడం లాంటిది. సబ్జెక్టు పోతే వెంటనే సప్లీ కట్టండి. బ్యాక్‌లాగ్ ఉన్నంతకాలం ఆ క్రెడిట్లు మీ ఖాతాలో పడవు.

ఉండాలా, వెళ్లాలా

నాలుగో ఏడాది అందరికీ అవసరం లేదని నిజాయితీగా చెప్పాలి. గ్రూప్స్ రాయాలనుకునేవాళ్లకు, బీఈడీ చేసి టీచర్ కావాలనుకునేవాళ్లకు, ఐసెట్ రాసి ఎంబీఏకో ఎంసీఏకో వెళ్లేవాళ్లకు మూడేళ్ల డిగ్రీ చాలు. ఇంట్లో జీతం అవసరమై, మూడో ఏడాది చివర్లో ఉద్యోగం దొరికితే వెళ్లడమే మంచిది. అలా వెళ్లిన వాళ్లను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

సబ్జెక్టు మీద ప్రేమ ఉన్నవాళ్ల లెక్క వేరు. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ కలిపి ఐదేళ్లు. నాలుగేళ్ల ఆనర్స్ చేసినవాళ్లకు 2024 నాటి యూజీసీ పీజీ చట్రం ప్రకారం ఏడాది పీజీ సరిపోతుంది. అదీ ఐదేళ్లే. కాలం పోదు, పోతుందన్న భయం వద్దు. అయితే ఏడాది పీజీ సీట్లు ఏయే యూనివర్సిటీలు, ఏ సబ్జెక్టుల్లో పెట్టాయో ముందుగా చూసుకోవాలి. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో మొత్తం మీద 75 శాతం ఉన్నవాళ్లు పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులు. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌కు చెందని ఓబీసీ, దివ్యాంగులు, ఆర్థికంగా వెనకబడిన వర్గాల వారికి 5 శాతం సడలింపు ఉంది. 2024 జూన్ నెట్ పరీక్ష నుంచి నాలుగేళ్ల డిగ్రీ పిల్లలకూ ఆ మార్కుల మీదే నెట్ రాసే వీలు ఇచ్చారు. అమెరికాలో ఎంఎస్‌కి వెళ్లాలనుకునే బీఎస్సీ, బీకాం పిల్లలకు ఇంకో సంగతి. అక్కడి యూనివర్సిటీలు చాలావరకు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. బీటెక్ వాళ్లకు లేని ఆ ఇబ్బంది మూడేళ్ల డిగ్రీ వాళ్లకు ఇన్నాళ్లూ ఉంది. నాలుగో ఏడాది దాన్ని తీరుస్తుంది.

ఇవన్నీ ఇంట్లో చెప్పి ఒప్పించాలి. చాలా ఇళ్లలో మొదటి ప్రశ్న డబ్బు గురించే వస్తుంది, అది న్యాయమైన ప్రశ్న. నాలుగో ఏడాది ఫీజు ఎంత, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా, హాస్టల్ సీటు కొనసాగుతుందా, ఇవి మూడో ఏడాది మొదట్లోనే కాలేజీ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. నాన్నకు కావాల్సింది అంకె. ఆ అంకె తెలియకుండా ఆయన ముందు కూర్చోవద్దు. ఇంకో ప్రశ్న కూడా మొదటి ఏడాదిలోనే అడగండి: మన కాలేజీలో, మన మేజర్‌లో రీసెర్చ్‌తో ఆనర్స్ నడిపే అనుమతి ఉందా? గైడ్‌గా ఉండగల పీహెచ్‌డీ చేసిన అధ్యాపకులు ఉన్నారా? లేకపోతే ఆ దారి ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవడానికి మీకు రెండేళ్లు ఉంటాయి.

ఇక్కడ ఆడపిల్లల గురించి ఆగి చెప్పాల్సింది ఒకటుంది. రెండో ఏడాదిలో సంబంధం కుదిరిందని చదువు మాన్పించిన పిల్లలు నా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. ఇప్పటి నియమాల్లో వాళ్లకు ఒక తలుపు తెరిచి ఉంది. రెండేళ్లకు 80 క్రెడిట్లు పూర్తిచేసి, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే డిప్లొమాతో ఆగవచ్చు. ఏడాదికే ఆగాల్సి వస్తే 40 క్రెడిట్లు, ఆ వేసవి కోర్సు కలిపి సర్టిఫికెట్ ఇస్తారు. ఆగినవాళ్లు మూడేళ్ల లోపు తిరిగి చేరవచ్చు. మొత్తం చదువు ఏడేళ్ల లోపు ముగించాలి. సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలో ఉంటాయి. చేరిన వెంటనే ఆ ఖాతా తెరిచి, నంబరు రాసి పెట్టుకోండి. పెళ్లయి వెళ్లే అమ్మాయి పట్టుచీరల పెట్టెలో ఆ కాగితం కూడా ఉండాలని నేను తల్లులకు చెబుతాను. "తర్వాత చూద్దాంలే" అన్న మాటకు ఇప్పుడు మూడేళ్ల గడువుంది. ఆ గడువు అత్తవారింట్లో కూడా తెలియాలి.

మూడు వందల అరవై గంటలు

7.5 దాటి నాలుగో ఏడాదిలో అడుగుపెట్టాక ఏం చేస్తారు? ఇక్కడ నాకు మార్కుల కంటే ఎక్కువ ఆందోళన.

జాతీయ క్రెడిట్ చట్రంలో ఏడాదికి 1200 గంటల అభ్యాసానికి 40 క్రెడిట్లు. అంటే ఒక క్రెడిట్ 30 గంటలు. ప్రాజెక్టు 12 క్రెడిట్లు కాబట్టి 360 గంటలు. రెండు సెమిస్టర్లు, ముప్పై వారాల మీద పరిస్తే వారానికి 12 గంటలు. ఆదివారం సెలవు తీసుకుని రోజుకు రెండు గంటలు. చివరి నెలలో కూర్చుని రాసే పని కాదిది, ఎంత ప్రతిభ ఉన్నా కుదరదు. మొదటి రోజు నుంచి ఒక లాగ్‌బుక్ పెట్టండి. ఏ తేదీన ఏం చదివారు, ఎవరిని కలిశారు, ఏది తేలలేదు, రోజుకు మూడు లైన్లు చాలు. థీసిస్ రాసే రోజుల్లో ఆ పుస్తకమే సగం పని చేస్తుంది.

మొదటి మెట్టు ప్రశ్న. మా పిల్లలు తెచ్చే టాపిక్‌లు ఇలా ఉంటాయి: "భారత వ్యవసాయంలో సమస్యలు", "చేనేత రంగం, ఒక అధ్యయనం", "సోషల్ మీడియా ప్రభావం". ఇవి ప్రశ్నలు కావు, లైబ్రరీ బీరువా మీద అంటించే పేర్లు. మంచి ప్రశ్నకు చోటు, కాలం, మనుషులు ఉంటారు. మంగళగిరిలో పదేళ్ల కిందట మగ్గం నేసిన ఇళ్లలో ఇప్పుడు ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయి, ఆగిన మగ్గాల ఇళ్లలో కొడుకులు ఏ పని చేస్తున్నారు? గుంటూరు మిర్చి యార్డుకు బస్తాలు తెచ్చిన రైతు, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, ఆ రోజే అమ్మాలా అన్నది దేన్ని చూసి తేల్చుకుంటాడు? ఇలాంటి ప్రశ్న దొరికితే ఏం చదవాలో, ఎవరిని కలవాలో, ఏం లెక్కపెట్టాలో వాటంతట అవే తెలుస్తాయి.

ప్రశ్న దొరికాక చదవడం. శోధగంగలో దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీ విషయానికి దగ్గరగా ఉన్నవి రెండు తీసుకుని మొదటి అధ్యాయం, పద్ధతి గురించి రాసిన అధ్యాయం చదవండి. మొత్తం చదవక్కర్లేదు. ఇంకొకళ్లు తమ ప్రశ్నను ఎలా కట్టుకున్నారో చూడటమే ఉద్దేశం. ప్రభుత్వ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో చదివేవాళ్లకు 2025 జనవరి నుంచి "ఒకే దేశం, ఒకే చందా" పథకం కింద దాదాపు 13,000 అంతర్జాతీయ జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. మీ కాలేజీ అందులో ఉందో లేదో లైబ్రేరియన్‌ను అడగండి. లైబ్రేరియన్‌తో స్నేహం చేసిన విద్యార్థి ఎవరూ నష్టపోలేదు. జిల్లా చరిత్ర మీద పనిచేసేవాళ్లు హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌కు ఒకసారి వెళ్లి రావాలి. పాత రికార్డు చేత్తో పట్టుకుంటే చదువు మీద మీకున్న అభిప్రాయమే మారిపోతుంది.

గైడ్‌ను ఐదో సెమిస్టర్‌లోనే కలవండి. "సార్, నన్ను తీసుకోండి" అని ఖాళీ చేతులతో వెళ్లొద్దు. ఒక పేజీ తీసుకెళ్లండి. అందులో మీ ప్రశ్న, అది మీకు ఎందుకు పట్టింది, ఎక్కడ వెతకబోతున్నారు, ఈ మూడూ ఉంటే చాలు. ఆ పేజీ మీద గైడ్ ఎర్ర పెన్నుతో కొట్టేస్తే కుంగిపోకండి. కొట్టేసేంత శ్రద్ధగా చదివిన మనిషి దొరికాడని అర్థం.

కాపీ విషయంలో కఠినంగానే చెబుతాను. జిరాక్స్ షాపుల్లో "ప్రాజెక్ట్ వర్క్స్ చేయబడును" అన్న బోర్డు చూస్తే నాకు కడుపు మండుతుంది. అక్కడ రూ. 1,500 ఇచ్చి బైండింగ్ చేయించుకున్న ప్రాజెక్టులో పోయేది ఆ డబ్బొక్కటే కాదు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే తిరిగి రాసివ్వాలి. 40 దాటితే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. శిక్ష సంగతి అలా ఉంచండి. 360 గంటలు మీకు మీ జీవితంలో మొదటిసారి, మీ సొంత ప్రశ్న కోసం ఇస్తున్నారు. మీరు అడగని ప్రశ్నకు మీరు రాయని జవాబు కోసం ఆ గంటల్ని అమ్ముకోవద్దు.

మరి ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ఏడాది తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్‌ను పిల్లలు సంతకాల పనిగా చూస్తారు. పంచాయతీ ఆఫీసులో స్టాంపు, నాలుగు ఫొటోలు, రిపోర్టు. నాకు మాత్రం అది నాలుగో ఏడాదికి విత్తనాలు చల్లే వేసవిగా కనిపిస్తుంది.

కనిగిరి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి కెమిస్ట్రీ మేజర్. ఆ వేసవి తన ఊళ్లోనే నీళ్ల మీద సర్వే చేసింది. ఆ ప్రాంతానికి ఫ్లోరైడ్ కొత్త కాదు. 1937లోనే నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బును డాక్టర్లు గుర్తించి రాశారు. కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఈ అంకెలన్నీ రాసుకుని, యాభై ఇళ్లకు ప్రశ్నల కాగితం తయారుచేసుకుంది. "మీరు ఏ నీళ్లు తాగుతున్నారు?" అన్నది మొదటి ప్రశ్న. దాదాపు అందరూ ప్లాంట్ నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్ చూపించారు. రెండు రోజుల్లో సర్వే దాదాపు అయిపోయింది. ఊళ్లో సమస్య తీరిపోయినట్టే కాగితం మీద తేలింది.

మూడో రోజు, మిగిలిన ఇల్లు ఒకటుంటే వెళ్లింది. వంగిన నడుముతో ఒక అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని బియ్యం కడుగుతోంది. ప్రశ్న అడిగింది. అవ్వ క్యాన్ వైపు చెయ్యి చూపించి, మళ్లీ బియ్యం గిన్నె వైపు చూసి అందట: "తాగేది సరే తల్లీ. అన్నం ఏ నీళ్లతో వండుతున్నామో ఎవరూ అడగరేం?"

బియ్యం కడిగినవీ, ఎసట్లో పోసినవీ, పప్పులో పోసినవీ బోరు నీళ్లు. క్యాన్‌కు రోజూ డబ్బు కావాలి, తాగేవరకే సరిపెడుతున్నారు. ఆ అమ్మాయి మర్నాడు పొద్దున్నే ప్రశ్నల కాగితంలో కొత్త గడి ఒకటి చేతితో గీసుకుని, యాభై ఇళ్లకూ మళ్లీ వెళ్లింది. ఇప్పుడు ఐదో సెమిస్టర్‌లో ఉంది. మొన్న నా దగ్గరికి ఒక పేజీ తెచ్చింది. పైన శీర్షిక లేదు. "వంట నీళ్లు" అని రాసి, కింద ఊరి బోర్ల పేర్లు వరసగా వేసుకుంది.